చలిలో బండి మీద, ఒకరికొకరం



డిసెంబరు వచ్చింది. గూడల్లో క్యారల్స్, ఇళ్ళల్లో ప్రార్థన కూడికలు మొదలయ్యాయి. సీతంపేట నుండి కొండ మీది ఊళ్ళకైనా, కిందకు దిగి పాలకొండకైనా, వేళకు మనల్ని చేర్చేది ఎక్కువగా బండే. స్కూటీ కావచ్చు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ కావచ్చు, ఎవరో ఎక్కించుకున్న బైకు కావచ్చు. మేమిద్దరం కూడా, మీరు అయ్యగారు, అమ్మగారు అని పిలిచే మేము, ఈ నెలంతా స్కూటీ మీదే ఉంటాం. అందుకే ఈసారి వాక్య ధ్యానంతోపాటు చలి సంగతి కూడా రాస్తున్నాం. ఇది చిన్న విషయం కాదు. చలికి వేళ్ళు మొద్దుబారితే బ్రేకు పట్టలేం. మన ఘాట్ మలుపుల్లో బ్రేకు పట్టలేకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

లంబసింగిలో సున్నా దగ్గరకు దిగిందని పేపర్లో చదివి, మన దగ్గర అంత చలి ఎక్కడుందని కొందరు అంటారు. నిజమే, నిలబడి ఉంటే అంత లేదు. బండి ఎక్కితే లెక్క మారుతుంది. మన ఒంటి చుట్టూ మన వేడితోనే వెచ్చబడిన పలచని గాలి పొర ఒకటి ఉంటుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. ఒళ్ళు మళ్ళీ వేడిచేస్తుంది, గాలి మళ్ళీ ఎత్తుకుపోతుంది. 1940 దశకం మొదట్లో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి గాలిలో వేలాడదీశారు. ఎంత గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూసి దీన్ని లెక్కగట్టారు. తరువాత సరిదిద్దిన లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి అది సుమారు 6 డిగ్రీల చలిలా తగులుతుంది. అంటే వేగం తగ్గించినా కొంత చలి తగ్గుతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకుందాం. దుప్పటి వేడిని పుట్టించదు. స్వెట్టరూ పుట్టించదు. వేడి దేవుడు మన ఒంట్లోనే పెట్టాడు. బట్ట చేసే పని దాన్ని పోనివ్వకుండా కాయడమే. ఇది తెలిస్తే ఖరీదైన కోటు లేదని దిగులుపడే పని ఉండదు. ఒక్క మందపాటి బట్ట కంటే రెండు మూడు పలచని బట్టలు మేలు, ఎందుకంటే వాటి మధ్య నిలిచిన గాలే మనల్ని కాస్తుంది. అన్నిటికీ పైన మాత్రం గాలి దూరనిది ఒకటి ఉండాలి. ఊలు స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటే దాని కన్నాల్లోంచి గాలి దూసుకుపోతుంది. దాని మీద పాత రెయిన్‌కోటు వేసినా చాలు, అదే స్వెట్టర్ రెట్టింపు పనిచేస్తుంది. అదీ లేకపోతే చొక్కాకూ స్వెట్టర్‌కూ మధ్య, గుండెల మీద నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టుకోండి. ఇది పేదల ఉపాయమని సిగ్గుపడకండి. ఫ్రాన్సులో జరిగే పెద్ద సైకిల్ పందెంలో కూడా కొండ దిగే ముందు పందెగాళ్ళు చొక్కాల్లో న్యూస్‌పేపర్లు దోపుకునేవారు.

చేతులకు గ్లౌజులు ఉంటే మంచిది. లేకపోతే మేజోళ్ళు తొడిగి పైన పాలిథిన్ కవరు వేసుకుంటారు కొందరు. అది జారకుండా, బ్రేకు లివర్‌కు తట్టకుండా చూసుకోవాలి. చైనాలో చలి ఊళ్ళవారు స్కూటర్ ముందు ఒక బొంతలాంటిది కట్టి, అందులోనే చేతులు దూర్చి నడుపుతారు. మన మలుపుల రోడ్లకు వదులుగా వేలాడేదేదీ పనికిరాదు. దానికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. వేళ్ళు చల్లబడేది వేళ్ళ దగ్గర మాత్రమే కాదు. గుండెకు వేడి తక్కువైందని ఒళ్ళు గ్రహించగానే, చేతులకూ పాదాలకూ వెళ్ళే రక్తాన్ని తగ్గించి లోపలి అవయవాలను కాపాడుకుంటుంది. కాబట్టి వేళ్ళు వెచ్చగా ఉండాలంటే ఛాతీనీ మెడనూ కప్పుకోవాలి. బొటనవేలితో చిటికెన వేలిని తాకి చూడండి. తాకలేకపోతే బండి ఆపేయండి. చేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు ఉండండి. సైలెన్సర్ మీద మాత్రం పెట్టకండి, మొద్దుబారిన చేతికి కాలినా తెలియదు.

వేళ కూడా చూసుకోవాలి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువుగా ఉండి పల్లానికి జారుతుంది. అందుకే కొండవాలు కంటే గెడ్డ దగ్గర, వంతెన దగ్గర చలి ఒక్కసారిగా కొడుతుంది. పొగమంచు కూడా అక్కడే పడుకుని ఉంటుంది. రోజంతటిలో ఎక్కువ చలి అర్ధరాత్రి కాదు, పొద్దు పొడిచే వేళ. ఒక్క గంట ఆగి బయలుదేరితే ఎంతో తేడా. మంచులో లైటు డిమ్‌లో పెట్టండి, హైబీమ్ వేస్తే తెల్లటి గోడే కనిపిస్తుంది. హెల్మెట్ తలకే కాదు, చెవులకూ కాపే. కానీ మంకీ క్యాపు, దానిపై మఫ్లరు, ఆపైన హెల్మెట్ అంటూ చెవులు పూర్తిగా మూసేయకండి. ఒడిశా వైపు నుండి ఏనుగులు వచ్చిపోయే దారులు మనవి. హారనైనా, కొమ్మ విరిగిన చప్పుడైనా వినిపించాలి.

ఇంకొక మాట కాస్త గట్టిగానే చెప్పాలి. చలికి జీలుగు కల్లో, సారానో కొంచెం పడితే వెచ్చగా ఉంటుందని మన దగ్గర గట్టి నమ్మకం. పుచ్చుకోగానే వెచ్చగా అనిపించే మాట నిజమే. ఎందుకంటే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి పైకి వస్తుంది. పైకి వచ్చిన ఆ వేడిని గాలి పట్టుకుపోతుంది. వెచ్చగా ఉన్నామనుకుంటూనే లోపల చల్లబడిపోతాం. పైగా తూలే చెయ్యి, మసకబారిన చూపు. ఈ విషయంలో బోధ చేయడానికి మాకు వాక్యం వెతకనక్కరలేదు, ఒంటి లెక్కే చాలు. బయలుదేరేముందు వేడి వేడి చోడి అంబలో, టీ గ్లాసో తాగండి. కడుపులో తిండి ఉంటేనే ఒంట్లో పొయ్యి మండుతుంది.

ఇప్పుడు వెనక కూర్చునేవారి సంగతి. నడిపేవారికే చలి, వెనకవారికి ఏముంది అనుకుంటాం. మా ఇద్దరిలో ఆ మాటను ఎవరు ఒప్పుకోరో మీకు తెలుసు. స్కూటీ నడిపేవారి కాళ్ళకు ముందు రేకు అడ్డు ఉంటుంది. చీర కట్టుకుని ఒకవైపుగా కూర్చున్న అమ్మకు మోకాళ్ళూ పాదాలూ పూర్తిగా గాలిలోనే. నడిపేవారికి కనీసం చేతులకూ కళ్ళకూ పని ఉంటుంది, వెనకవారు కదలకుండా కూర్చోవాలి. కాబట్టి కాళ్ళకు మేజోళ్ళు, మోకాళ్ళ మీద మడతపెట్టిన తువ్వాలు వెనకవారికే ముందు ఇవ్వండి. శాలువా కొంగు, చున్నీ కొన గట్టిగా దోపుకున్నాకే బండి కదలాలి. చక్రంలో పడిన చున్నీ మెడకు ఉరి అయిన సంగతులు మనం వింటూనే ఉన్నాం.

పసిబిడ్డల్ని మాత్రం చలిగాలిలో బండి మీద తీసుకెళ్ళకండి. బిడ్డ ఒళ్ళు చిన్నది, వేడి క్షణాల్లో పోతుంది. చలికి పెద్దవారిలా వణికి చెప్పుకోవడం కూడా పసిగుడ్డుకు రాదు. 108కి ఫోన్ చేయండి. ప్రసవం తరువాత ఇంటికి వచ్చేటప్పుడు 102 బండి అడగండి. పెద్ద వ్యాను ఎక్కలేని గూడల కోసమే 2018లో ఏజెన్సీలో బైకు అంబులెన్సులు వచ్చాయి. బండి వచ్చేలోగా బిడ్డను తల్లి గుండెకు ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి, పైన దుప్పటి కప్పండి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో నేర్పిస్తున్నారు. బిడ్డను గుడ్డలో ఒంటికి కట్టుకుని కొండ దిగే మన సవర, జాతాపు అమ్మలకు దీన్ని వేరే నేర్పాలా?

ప్రియులారా, ఇంతవరకు చెప్పినవన్నీ ఉపాయాలు. మా మనసులో ఉన్న అసలు మాట ఇప్పుడు చెబుతాం.

మన సంఘంలో ఒక తమ్ముడు గత జనవరిలో తెల్లవారుజామున బండి మీద నుండి పడ్డాడు. చెల్లిని హాస్టల్లో దింపి తిరిగి వస్తున్నాడు. మలుపులో బ్రేకు నొక్కుదామంటే వేళ్ళు మాట వినలేదన్నాడు. దేవుని కృప, మోచెయ్యి గీరుకుపోవడంతో పోయింది. ఒంటి మీద పలచని చొక్కా ఒక్కటే ఉంది. స్వెట్టర్ ఏదిరా అంటే, "చెల్లి దగ్గర ఉంచేశానయ్యా, నాకు చలెయ్యదు" అన్నాడు. ఆ ఇంట్లో ఉన్న స్వెట్టర్ అదొక్కటే.

అప్పటి నుండి "చలెయ్యదు" అన్న మాట మా చెవికి వేరేగా వినిపిస్తోంది. అలా అనేవారిలో నిజంగా చలి తెలియనివారు కొందరు. కప్పుకోవడానికి ఏమీ లేనివారు చాలామంది. మన జనం లేదని చెప్పుకోరు, అక్కరలేదని చెబుతారు. మనమేమో మందిరం గుమ్మం దగ్గర నిలబడి, చలిగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళండి అని చెయ్యి ఊపుతాం. యాకోబు తన పత్రికలో సరిగ్గా ఈ మాటనే పట్టుకున్నాడు. బట్టలేనివారికి బట్ట ఇవ్వకుండా వెచ్చగా ఉండమని నోటితో దీవిస్తే ఏమి ప్రయోజనమని అడిగాడు. మోషే ధర్మశాస్త్రంలోనూ ఒక ఏర్పాటు ఉంది. పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకకముందే తిరిగి ఇచ్చేయాలి. వాడు రాత్రి ఏమి కప్పుకుని పడుకుంటాడని దేవుడే అడుగుతున్నాడు. లోకాన్ని ఏలేవాడు ఒక పేదవాని దుప్పటి లెక్క చూస్తున్నాడంటే, చలి ఆత్మసంబంధమైన విషయం కాదని మనం ఎలా అనగలం?

అపొస్తలుడైన పౌలు చెరసాల నుండి తిమోతికి రాసిన పత్రిక చివర త్రోయలో కర్పు అనే అతని దగ్గర వదిలి వచ్చిన అంగీ తెమ్మని అడిగాడు. చలికాలం రాకముందే వచ్చెయ్యమన్నాడు. కర్పు గురించి బైబిల్లో ఇంకెక్కడా లేదు. ప్రసంగం చేశాడో లేదో, ఏ పని చేసుకునేవాడో రాయలేదు. ఒక సేవకుని అంగీ అతని ఇంట్లో ఉంది, అంతే. ఆ ఒక్క మాటతో అతని పేరు ఇన్ని వందల ఏళ్ళుగా మనదాకా వచ్చింది.

అందుకని సంఘ పెద్దలతో మాట్లాడి మూడు పనులు అనుకున్నాం. మొదటిది, ఫిబ్రవరి ముగిసేవరకు ఆదివారం ఉదయ ప్రార్థన పొద్దెక్కాకే మొదలవుతుంది. దూరపు గూడల వారు చీకట్లో బయలుదేరే పని లేదు. రెండవది, క్యారల్స్ రాత్రుల్లో ప్రతి గూడలోనూ ఒక ఇంటివారు నెగడు వేసి, వేడి టీ పెట్టి ఉంచుతారు. అందరూ చేతులు కాచుకున్నాకే బళ్ళు కదులుతాయి. మూడవది, మందిరం గోడకు మేకులు కొట్టించాం. మీ ఇంట్లో పిల్లలకు పొట్టి అయిపోయిన స్వెట్టర్లు, వాడని జర్కిన్లు, గ్లౌజులు, శాలువాలు ఉతికి తెచ్చి తగిలించండి. కావలసినవారు తీసుకెళ్ళవచ్చు. ఎవరూ పేరు రాయరు, ఫొటో తీయరు, ఎవరికి ఇచ్చామని ప్రకటించరు. తిరిగి తెస్తే సంతోషం, తేకపోతే ఇంకా సంతోషం. అక్కరలో ఉన్నవారి దగ్గరే అది ఉందన్నమాట.

చలికి ముందు మొద్దుబారేవి చివర ఉన్న వేళ్ళే. సంఘమూ అంతే. మన మధ్య ప్రేమ చల్లారితే అది మొదట తెలిసేది మందిరం ముందు వరుసలో కూర్చున్నవారికి కాదు, చివరి గూడలో ఉన్నవారికి. ఆ చివరి గూడ నుండి వచ్చేవారి చేతులు వెచ్చగా ఉన్నాయా అని ఈ వారం ఒక్కసారి పట్టుకుని చూడండి. వందనాలు చెప్పేటప్పుడు ఎలాగూ చెయ్యి కలుపుతాం కదా.

పరమ తండ్రీ, ఈ కొండదారుల్లో తెల్లవారుజామున, రాత్రివేళ తిరిగే మా పిల్లల్ని కాపాడు. ముందు కూర్చుని గాలికి అడ్డుగా ఉన్నవారికి బలమివ్వు. వెనక కూర్చున్నవారిని మేము మరచిపోకుండా చెయ్యి. ఎవరి అంగీ మా ఇంట్లో ఉండిపోయిందో మాకు గుర్తుచెయ్యి. యేసు నామమున అడుగుతున్నాము, ఆమేన్.