ఎంత పెద్ద టర్బో, ఉస్తాద్?

షార్జాలో ఏం పని చేసేవాడివని చుట్టాలు ఎవరడిగినా "గ్యారేజీలో" అని ఊరుకుంటాను. పూర్తిగా చెబితే ఎవరూ నమ్మరు. బాగా నడుస్తున్న బండి తీసుకొస్తారు. దాని ఇంజనుకి కంపెనీవాళ్ళు పెట్టని టర్బో మేం తగిలిస్తాం. ఇసుక కొండలెక్కేలా తయారుచేసి ఇస్తాం. "బాగున్న బండిని చెడగొట్టినందుకు డబ్బులిస్తారా?" అని మా ఖాలా ఒకసారి అడిగింది. ఇస్తారు ఖాలా. ఆ షౌక్ మీద ఒక్కోడు పెట్టే ఖర్చుతో మన గల్లీలో రెండు పెళ్ళిళ్ళు జరిపించొచ్చు.

మా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా నిస్సాన్ పాట్రోల్ బండ్లే. పోసే పెట్రోల్ కాదు, బండి పేరే పాట్రోల్. అందులోనూ వై61 అనే పాత మోడల్. 2010లో కొత్త మోడల్ వచ్చాక కూడా గల్ఫ్‌లో పాతదాన్ని చాలా ఏళ్ళు అమ్ముతూనే వచ్చారు. అక్కడి కుర్రాళ్ళకి దానిమీద అంత ఇష్క్. బానెట్ ఎత్తితే టీబీ48 అనే ఇంజను. 4.8 లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరసలో, బ్లాక్ అంతా పోత ఇనుము. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు టర్బో ఉండదు, దాదాపు 280 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇంట్లోవాళ్ళని తిప్పడానికి అదే జ్యాదా. కానీ శీతాకాలం వచ్చిందంటే లివా ఎడారిలో మొరీబ్ అనే ఇసుక కొండ ఉంది చూడండి, దాదాపు 300 మీటర్ల ఎత్తు, యాభై డిగ్రీల వాలు, దానిమీదికి బండ్లు ఎక్కించే పోటీలు జరుగుతాయి. అది చూసొచ్చిన ప్రతి కుర్రాడూ వారం తిరక్కుండా మా షట్టర్ ముందు నిలబడేవాడు.

మా ఉస్తాద్ గుంటూరు మనిషి. ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. ఇంగ్లీషు రాదు. కానీ టర్బో కంపెనీవాళ్ళు ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ మాత్రం నాకన్నా బాగా చదివేవాడు. ఉల్లిపాయని అడ్డంగా కోస్తే కనపడే వలయాల్లాగా ఉంటుంది ఆ బొమ్మ. మధ్య వలయంలో గాలి తక్కువ వేడితో, తక్కువ కష్టంతో నెట్టబడుతుంది. ఎడమవైపు గీత దాటితే నెట్టిన గాలి వెనక్కి తన్నుతుంది, దాన్ని సర్జ్ అంటారు. కుడివైపు అంచు దాటితే టర్బో ఎంత గింజుకున్నా ఇక గాలి రాదు. "నీ ఇంజను ఈ వలయాల్లో ఎక్కడ తిరుగుతుందో చూసుకో బేటా, మిగతాదంతా బాజార్ మాట" అనేవాడు.

టర్బో అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు. ఇంజను వదిలిన వేడి పొగ ఒకదాన్ని తిప్పుతుంది, రెండోది బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే దానికి తగ్గ పెట్రోల్ పోసి ఎక్కువ బలం తీయొచ్చు. ఆ ఇరుసు నిమిషానికి లక్షసార్లకి మించి తిరుగుతుంది. ఇందులో తిరకాసల్లా చక్రం సైజు దగ్గరే. దీన్ని నేను మా అమ్మీకి డేగ్ పోలిక పెట్టి చెప్పాను. పెళ్ళి డేగ్‌లో చాలామందికి బిర్యానీ వండొచ్చు, కానీ ఇంట్లో పొయ్యిమీద అది మరగాలంటే పొద్దుపోతుంది. పెద్ద టర్బో కూడా అంతే. దాన్ని తిప్పడానికి చాలినంత పొగ రావాలంటే ఇంజను ముందు గట్టిగా తిరగాలి. అప్పటిదాకా యాక్సిలరేటర్ తొక్కినా బండి ఉలకదు పలకదు. ఈ ఆలస్యాన్నే ల్యాగ్ అంటారు. చిన్నదైతే వెంటనే అందుకుంటుంది, పైకి పోయేకొద్దీ ఊపిరి చాలదు.

ఇక ఆ కుర్రాడి సంగతి. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఇస్త్రీ నలగని తెల్ల కందూరా, మంచి అదబ్ ఉన్న పిల్లాడు. వస్తూనే ఫోన్లో ఎవరి బండిదో డైనో కాగితం చూపించి, "నాకూ ఇదే కావాలి ఉస్తాద్, జీటీ4294ఆర్" అన్నాడు. గారెట్ కంపెనీ పేర్లు అలాగే ఉంటాయి. మొదటి రెండంకెలు పొగవైపు సైజు, తరవాతి రెండూ గాలి నెట్టే చక్రం వ్యాసం మిల్లీమీటర్లలో, ఆర్ అంటే బాల్ బేరింగ్. అంటే 94 మిల్లీమీటర్ల చక్రం.

ఉస్తాద్ ధర చెప్పలేదు. "గాడీ కహా చలేగీ?" అన్నాడు. బండి ఎక్కడ నడుస్తుంది?

కుర్రాడు నిజమే చెప్పాడు. పోటీలకి పోయేంత పెద్దవాణ్ణి కాదన్నాడు. శీతాకాలంలో వారం వారం అమ్మనీ చెల్లెళ్ళనీ ఎడారికి తీసుకెళ్ళి క్యాంపు వేస్తారు. దారిలో దోస్తులతో కొండలెక్కుతాడు. మిగతా రోజుల్లో కాలేజీకి. ఇంజను లోపలి పిస్టన్లు, రాడ్లు మార్చడానికి మాత్రం బడ్జెట్ లేదు.

ఉస్తాద్ ఒక అట్టముక్క తీసుకుని హిసాబ్ మొదలుపెట్టాడు. ఈ ఇంజను రెండు చుట్లకోసారి 4.8 లీటర్ల గాలి పీలుస్తుంది. నిమిషానికి 6,000 చుట్లంటే 14,400 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కాబట్టి 13,000 అనుకుందాం. లీటరు గాలి బరువు చలికాలంలో 1.2 గ్రాములు, మన 45 డిగ్రీల ఎండలో 1.1. ఎండ లెక్కే తీసుకుందాం, వేసవిలో కూడా బండి నడవాలి కదా. 14 కిలోల పైచిలుకు. దానిమీద 0.6 బార్ ఒత్తిడి పెడితే, వేడికి పోయింది పోగా 20 కిలోలు దాటుతుంది, అంటే 45 పౌండ్లు. పౌండుకి పది హార్స్‌పవర్ చొప్పున మోటుగా 450. "దీనికి జీటీ3582ఆర్ చాలు. 82 మిల్లీమీటర్లు. మ్యాప్‌లో హాయిగా కూర్చుంటుంది. నీ పిస్టన్లు కూడా కొంతకాలం బతుకుతాయి."

ఆ 'కొంతకాలం' అన్న మాట దగ్గర మా అర్బాబ్ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు.

ఉస్తాద్ అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. ఈ ఇంజను టర్బో కోసం తయారుచేసింది కాదు. గాలి ఎక్కువ నూకేకొద్దీ మంట తన సమయానికి ముందే ఎక్కడో అంటుకుని పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. నాకింగ్ అంటారు. పైగా కొండ మధ్యలో ఉన్నప్పుడు ల్యాగ్ అంటే తమాషా కాదు. తొక్కితే రెండు క్షణాలు ఏమీ రాదు, బండి ఊపు పోతుంది, ఆ తరవాత బలమంతా ఒక్కసారి వచ్చి చక్రాలు ఇసుకని తవ్వేసి అక్కడే కూరుకుపోతాయి. మొరీబ్ పోటీలో ఆ బాధ లేదు. అక్కడ మొదటినుంచీ చివరిదాకా కాలు ఎత్తేదే లేదు, ఇంజను ఎప్పుడూ పైనే తిరుగుతూంటుంది. అక్కడ పెద్ద టర్బోయే సరైనది. వెనక సీట్లో అమ్మ థర్మాస్ పట్టుకుని కూర్చునే బండికి కాదు.

అర్బాబ్‌కి ఇదంతా తెలియదని కాదు. పెద్ద టర్బో అంటే పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద ఇంటర్‌కూలర్, పెద్ద ఫ్యూయల్ పంపు, ట్యూనింగ్, బిల్లు రెట్టింపు. కుర్రాడి ముందే ఉస్తాద్‌ని అన్నాడు, "కస్టమర్ అడిగింది పెట్టడం నీ పని." ఉస్తాద్ చెయ్యి తుడుచుకుంటూ, "పెడతాను. పిస్టన్లు మార్చి పెడతాను. లేకపోతే నా చేత్తో పెట్టను" అన్నాడు. కుర్రాడు మొహమాటపడి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. పక్క లైన్లో వేరే గ్యారేజీవాళ్ళు 94దే, పిస్టన్లు ముట్టుకోకుండా బిగించారని వారంలో తెలిసింది.

ఆ నెల ఉస్తాద్‌కి ఓవర్‌టైం రాలేదు. కూతురి నికా మూడు నెలల్లో ఉంది. ఆ రాత్రి రూము బయట మెట్లమీద కూర్చుని గుంటూరుకి ఫోన్ చేశాడు. పెద్ద ఫంక్షన్ హాలు వద్దు, చిన్నది చూడమని చెప్పాడు. ఎందుకని భాబీ అడిగి ఉంటుంది. "ఇక్కడ పని కొంచెం సుస్తుగా ఉంది" అన్నాడు, అంతే. నాకు అర్బాబ్ మీద కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే ఉస్తాద్ మీద కూడా వచ్చింది. ఇక్కడికి వచ్చింది సంపాదించడానికి కదా.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం మేం నలుగురం బదాయర్ వెళ్ళాం, హత్తా రోడ్డు మీదున్న ఎర్ర ఇసుక కొండ. ఆ పాట్రోల్ అక్కడ ఉంది. నేను చెప్పేది నమ్మండి, ఎంత బాగా ఎక్కిందో! కింద నుంచి గట్టిగా తిప్పుకుని వచ్చి ఒకే ఊపులో శిఖరం దాటేసింది. కాలు తీసినప్పుడు టర్బో చుచుచు మని కూసే కూత మా దాకా వినిపించింది. ఉస్తాద్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూసి "మాషాఅల్లా" అన్నాడు, మనసారా. కానీ పక్కన చిన్న చిన్న గుట్టల్లో అదే బండి రెండుసార్లు కూరుకుపోయింది. తాడు కట్టి మేమే లాగాం.

కుర్రాడు ఉస్తాద్‌ని గుర్తుపట్టి సలాం చేశాడు. ఏ పెట్రోల్ పోస్తున్నావంటే 98 అన్నాడు. ఉస్తాద్ బానెట్ ఎత్తించాడు. ఇంజను చల్లారేదాకా అందరం సులేమానీ చాయ్ తాగాం. తరవాత పానా పెట్టి ఒక ప్లగ్ ఊడదీసి, కొంగుతో తుడిచినట్టు కాకుండా జాగ్రత్తగా, అంచు మాత్రం పట్టుకుని ఎండకి పెట్టి చూపించాడు. తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు.

"ఇదేంటి?" అన్నాడు కుర్రాడు.

"నాకింగ్. ఇందులో నీ పిస్టన్ కూడా కొంచెం ఉంది."

కుర్రాడు ఆ ప్లగ్‌ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. కందూరా మీద మసి అంటింది, పట్టించుకోలేదు. పిస్టన్లు మార్చాలంటే ఎంతవుతుంది, టర్బో అదే ఉంచి బూస్ట్ తగ్గిస్తే సరిపోతుందా, 82కి మారిస్తే దీన్ని ఎవరైనా కొంటారా, వరసపెట్టి అడిగాడు. ఉస్తాద్ నా దగ్గర పెన్ను తీసుకుని చాయ్ కప్పుల అట్టపెట్టె చింపాడు.