ప్రయర్ ఆర్ట్: నా మార్కులు పోయిన చోటు

జీఎస్-3లో మేధో సంపత్తి హక్కుల మీద ప్రశ్న వస్తే మీరేం రాస్తారు? నేనైతే పసుపు, వేప, బాస్మతి రాసేసి ముందుకెళ్లేవాణ్ని. ఈసారి టెస్ట్ సిరీస్‌లో ప్రయర్ ఆర్ట్ గురించి సూటిగా అడిగారు. "ముందే ఉన్న వస్తువుకు పేటెంట్ రాదు" అని రాశాను. పదికి రెండున్నర. పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న: "ముందు లేనిదైతే వచ్చేస్తుందా?" ఇది నా మూడో ప్రయత్నం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు ఒక పాత కేసులో దొరికింది. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు, వెనుక నుంచి తెల్లని వెలుగు పడాలి. నీలి ఎల్‌ఈడీకి యాగ్ అనే ఫాస్ఫర్ జోడిస్తే నీలి కాంతిలో కొంత పసుపుగా మారుతుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. జపాన్ కంపెనీ నిచియా 1996లో ఇలాంటి ఎల్‌ఈడీలను మార్కెట్‌లోకి తెచ్చి, ఆ తర్వాత అమెరికాలో పేటెంట్లు పొందింది. తైవాన్ కంపెనీ ఎవర్‌లైట్ వాటిని సవాలు చేసింది. 2015లో మిషిగన్ జ్యూరీ రెండు పేటెంట్లలోని వివాదాస్పద క్లెయిమ్‌లు చెల్లవంది. నిచియా అప్పీలుకు వెళ్లినా 2018లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అదే తీర్పును నిలబెట్టింది.

అచ్చంగా అదే వస్తువు ముందే ఉందని కాదు, దాని భాగాలు ఉన్నాయి. యాగ్ ఫాస్ఫర్‌ను కలర్ టీవీ రంగంలోని క్యాథోడ్ రే ట్యూబుల కోసం 1967లోనే పరిశోధకులు వివరించారు. ఎల్‌ఈడీ వెలుగును ఫాస్ఫర్‌తో మార్చవచ్చన్న ఆలోచన కూడా కొత్తది కాదు. ఆ రంగం తెలిసిన వ్యక్తికి ఈ రెంటినీ కలపాలని సహజంగా తట్టేదేనా? గొడవంతా ఇక్కడే.

నేను తప్పింది కూడా ఇక్కడే. ఒకే పాత పత్రంలో అంతా ఉంటే కొత్తదనం పోతుంది. పాత పత్రాలను కలిపి చూస్తే ఎవరికైనా తట్టేదైతే ఇన్వెంటివ్ స్టెప్ పోతుంది. మన 1970 చట్టంలో ఇది సెక్షన్ 2(1)(జెఎ). పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం చెప్పవచ్చు. 2021లో ఐపీఏబీ రద్దయ్యాక అప్పీళ్లు హైకోర్టులకు వెళ్తున్నాయి.

ఇంకో పొరపాటు చేయకండి. 2014 నోబెల్ నీలి ఎల్‌ఈడీకి వచ్చింది. ఈ తీర్పు దాన్ని తాకదు.

తీర్పు చదివాక నిచియా మీద జాలేసింది. ఎవరో చేసి చూపించాక ఏదైనా తేలికగానే కనిపిస్తుంది కదా! కానీ తెలిసిన ముక్కలు కలిపిన ప్రతివాడికీ ఇరవయ్యేళ్ల గుత్తాధిపత్యం ఇస్తే, ఆ ధర కట్టేది కొనేవాళ్లే. ఈ రెండు వైపులూ లేని జవాబుకు రెండున్నర రావడం న్యాయమే.

నిన్న అదే ప్రశ్నకు మళ్లీ రాసి పంపాను. మార్కులు ఇంకా రాలేదు. మీరూ పుస్తకం మూసి, ఏడు నిమిషాల్లో 150 పదాలు రాసి చూడండి.