తలుపుకి అటూ ఇటూ

నౌక గాల్వెస్టన్ రేవు వదిలి మెక్సికో వైపు సాగిన మొదటి రాత్రి. పై అంతస్తులో, గాజు తలుపు వెనక ఓ చిన్న రెస్టారెంటు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, తళతళలాడే చెంచాలు, అడక్కముందే గ్లాసులో నీళ్లు నింపే వెయిటరు. ఆ బల్ల దగ్గర విశాఖపట్నం నుంచి వచ్చిన ముసలి దంపతులు ఇద్దరే కూర్చున్నారు. ఆవిడ చూపు మాత్రం పళ్లెం మీద లేదు. గాజుకి అవతల ఏడేళ్ల మనవడు ముక్కు ఆనించి, "నానమ్మా" అంటూ చెయ్యి ఊపుతున్నాడు. లోపలికి రావాలంటే గది కార్డు తగిలించాలి. వాడి మెడలోనూ ఓ కార్డు వేలాడుతోంది. దానికి ఆ తలుపు తెరుచుకోదు!

"ఏమండీ, పిల్లాణ్ని లోపలికి రమ్మనండి" అందావిడ. ఆయన వెళ్లి అడిగాడు. వెయిటరు ఎంతో మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. ఈ భాగం సూట్లు తీసుకున్నవారికే. అతిథుల్ని తీసుకురావడానికి వీల్లేదు... పసిపిల్లాడైనా సరే.

ఇందులో తప్పు ఎవరిది? కొడుకుది కానే కాదు. అతను హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 డిసెంబరులో అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు. నాన్న బ్యాంకులో లోన్ల విభాగంలో ముప్పై అయిదేళ్లు లెక్కలు చూసి రిటైరయ్యాడు. అమ్మ ఆ ముప్పై అయిదేళ్లూ బదిలీలకి సామాన్లు సర్దింది. వాళ్లని ఒక్కసారైనా మహారాజుల్లా చూసుకోవాలనుకున్నాడు. తనకి, భార్యకి, ఇద్దరు పిల్లలకి కింద అంతస్తులో మామూలు బాల్కనీ గది తీసుకున్నాడు. అమ్మానాన్నలకి మాత్రం పైన సూట్. దాని ధర బాల్కనీ గదికి సరిగ్గా మూడు రెట్లు. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. చెబితే ఎక్కరని అతనికి తెలుసు.

గదిలో అడుగుపెట్టగానే బట్లర్ వచ్చాడు. ఫిలిప్పీన్స్ కుర్రాడు. సూట్‌కేసులు తానే విప్పి బట్టలు బీరువాలో సర్దుతానన్నాడు. ఆవిడ గబగబా పెట్టె మూత మీద చెయ్యి వేసేసింది. లోపల కారప్పొడి డబ్బా, మనవరాలి కోసం చేసిన సున్నుండలు ఉన్నాయి మరి. "వద్దు బాబూ, మేం సర్దుకుంటాం" అంది తెలుగులోనే. అతనికి అర్థమైంది. నవ్వి, టీ తెచ్చిపెట్టాడు.

మర్నాటికి ఇద్దరికీ స్నేహం కుదిరింది. అతను ఫోనులో నాలుగేళ్ల కూతురి ఫొటో చూపించాడు. కాంట్రాక్టు పూర్తయ్యేదాకా ఇంటికి వెళ్లడానికి కుదరదట. అప్పటికి ఆ పాపని చూసి ఏడు నెలలైందట. ఆవిడకి మనసు చివుక్కుమంది. తనూ మనవల్ని రెండేళ్లకోసారి చూస్తోంది. తీరా ఇంత దూరం వచ్చాక మధ్యలో ఈ గాజు తలుపొకటి!

ఆ పూట నుంచి దంపతులిద్దరూ ఆ రెస్టారెంటుకి వెళ్లడం మానేశారు. పైన బఫేలో ట్రేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. మనవడికి పెరుగన్నం కలిపిపెట్టడంలో ఆవిడకి సముద్రం కూడా గుర్తురాలేదు. అయిదు రాత్రుల ప్రయాణంలో ఆ గొప్ప సూట్‌లో వాళ్లు నిద్రపోయారంతే. చివరి రోజు ఆవిడ బట్లర్‌కి నాలుగు సున్నుండలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన కవర్లో డబ్బు పెట్టి ఇచ్చాడు. సేవలో ఏ లోపమూ లేదు. కాకపోతే, వాళ్లకి కావలసినవాళ్లు తలుపుకి అవతల ఉండిపోయారు.

హ్యూస్టన్ తిరిగొచ్చాక ఆయనకి సూట్ ధర తెలిసింది. కొడుకుని ఒక్కమాట అనలేదు. కానీ లెక్కల మనిషి కదా, ఊరుకోలేకపోయాడు. కోడల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తను ఓ నోటుపుస్తకం తీశాడు. పేజీని నిలువుగా నాలుగు గడులు చేశాడు. గది, భోజనం, మనిషి, తలుపు. ఏ కంపెనీ ఎంత పెద్ద గది ఇస్తుంది, విడిగా భోజనశాల ఉందా, పనులు చూసిపెట్టే మనిషిని ఇస్తుందా, ఎవరికీ ప్రవేశం లేని ప్రత్యేక భాగం ఉందా అని.

మొదట తెలిసిందేమిటంటే, సూట్ అన్న మాటకి ఒక్క అర్థం లేదు. రాయల్ కరీబియన్‌నే తీసుకోండి. ఒయాసిస్, క్వాంటమ్ తరగతుల పెద్ద నౌకల్లో 2016 నుంచి సూట్లని సీ, స్కై, స్టార్ అని మూడు మెట్లుగా విడదీశారు. జూనియర్ సూట్ తీసుకుంటే సీ తరగతి. సూట్లవాళ్ల భోజనశాల 'కోస్టల్ కిచెన్'లో రాత్రి భోజనానికి మాత్రమే రానిస్తారు. స్కై తరగతికి మిగతా పూటలూ తలుపు తెరుచుకుంటుంది. అన్నిటికన్నా పైనున్న స్టార్ తరగతికైతే 'రాయల్ జీనీ' అనే మనిషిని ఇస్తారు. టేబుళ్లు బుక్ చెయ్యడం, షోలలో ముందు సీట్లు పట్టిపెట్టడం వంటివన్నీ అతనే చూసుకుంటాడు. పానీయాలు, ఇంటర్నెట్, ప్రత్యేక రెస్టారెంట్లు, టిప్పులు కూడా ఆ ధరలోనే.

నార్వేజియన్ కంపెనీ 'హేవెన్' పద్ధతి వేరు. నౌకలోనే మరో చిన్న నౌక అన్నమాట! విడిగా డెక్కు, లాంజ్, రోజంతా పిలిస్తే పలికే బట్లర్. పెద్ద నౌకల్లో విడి రెస్టారెంటు కూడా. కానీ అదే నౌకలో 'క్లబ్ బాల్కనీ సూట్' అని ఇంకొకటి ఉంటుంది. దాని పేరులోనూ సూట్ ఉంది, హేవెన్‌లోకి ప్రవేశం మాత్రం లేదు. పేరు చూసి డబ్బు కడితే అక్కడే బోల్తా పడతారు.

ఇటలీ మూలాలున్న ఎమ్మెస్సీ 2008లో 'ఫాంటాసియా' నౌకతో 'యాట్ క్లబ్' మొదలుపెట్టింది. బట్లర్, విడి భోజనశాల, విడి ఈతకొలను, పానీయాలు అన్నీ కలిపే. విచిత్రమేమంటే, కొన్ని నౌకల్లో ఈ యాట్ క్లబ్‌లో కిటికీ కూడా లేని లోపలి గదులున్నాయి! "అంటే గది చిన్నదైనా హోదా పెద్దది. కొంతమందికి గదికంటే మర్యాదే ముఖ్యం" అని ఆయన పేజీ అంచున రాసుకున్నాడు.

సెలెబ్రిటీలో సూట్లవాళ్ల భాగాన్ని 'రిట్రీట్' అంటారు. వాళ్ల భోజనశాల పేరు 'లుమినే'. హాలెండ్ అమెరికాలో గొడవ తక్కువ. పెద్ద సూట్లవాళ్లకి 'నెప్ట్యూన్ లాంజ్' అనే గది ఉంటుంది. కాఫీ తాగచ్చు, కావలసింది అక్కడి ఉద్యోగిని అడగచ్చు. విడి ఈతకొలను హడావుడి లేదు. కార్నివాల్ మామూలు సూట్లలో ముఖ్యంగా దక్కేవి పెద్ద గది, ఎక్కేటప్పుడు ముందు వరుస. హంగులు తక్కువ కాబట్టి ధరలో తేడా కూడా అంత భయపెట్టదు.

కునార్డ్ పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆ కంపెనీ 'క్వీన్ మేరీ 2' నౌక 2004లో మొదలైంది. అందులో మీరు తీసుకున్న గదే మీరు ఎక్కడ భోంచేయాలో నిర్ణయిస్తుంది. పెద్ద సూట్లకి క్వీన్స్ గ్రిల్, చిన్న సూట్లకి ప్రిన్సెస్ గ్రిల్, మిగతావాళ్లలో ఎక్కువమందికి బ్రిటానియా. "1912లో టైటానిక్‌లోనూ ఫస్టు, సెకండు, థర్డు క్లాసులే కదమ్మా. మధ్యలో అందరూ ఒకటే అన్నారు. మళ్లీ తలుపులు పెట్టారు" అన్నాడు కోడలితో.

పుస్తకం చివర మరో రకం ఉంది. సిల్వర్సీ, సీబోర్న్, రీజెంట్ వంటివి. వీటిలో ప్రయాణికుల గదులన్నీ సూట్లే. కాబట్టి నౌక లోపల మళ్లీ గోడ ఉండదు. పానీయాలు, టిప్పులు టికెట్లోనే. రీజెంట్‌లో ఊళ్లు చూపించే టూర్లు కూడా చాలావరకు కలిపే ఇస్తారు. ధర చూసి కోడలు నవ్వేసింది. ఆయన మాత్రం, "పైన సూట్ కొని, మందు ఖర్చు, టూర్ల ఖర్చు విడిగా పెట్టేవాళ్లు ఈ రెండు బిల్లుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్కోసారి తేడా మనం అనుకున్నంత ఉండదు" అన్నాడు. లోన్ల విభాగం బుద్ధి!

తర్వాత అయిదో గడి గీశాడు. 'మనం వాడేది' అని. అసలు కథ అక్కడుంది. ఉచిత పానీయాలన్నారు, ఇంట్లో ఎవరూ మందు ముట్టరు. ప్రత్యేక రెస్టారెంట్లలో గొప్పగా చెప్పుకునేది మాంసం, చేపలు. వీళ్లది శాకాహారం. పెద్ద భోజనశాలలోనే హెడ్‌వెయిటర్‌కి ముందురోజు చెబితే పప్పు, కూర చేయించిపెట్టాడు. నౌకల సిబ్బందిలో మనవాళ్లకి కొదవలేదు కాబట్టి ఆ ఇబ్బంది ఎక్కువ రాదు. ఇంటర్నెట్ కావాలంటే విడిగా కొనుక్కోవచ్చు. ఇక ముందు వరుస అన్నది ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. గ్రాండ్ కేమన్ లాంటి చోట పెద్ద నౌకలు ఒడ్డుకి రాలేవు, చిన్న పడవల్లో తీసుకెళతారు. అక్కడ మాత్రం ముందు వరుస విలువ తెలుస్తుంది.

"నా మోకాళ్ల మాటేమిటి?" అని వంటింట్లోంచి ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పెద్ద నౌక అంటే ఆ కొస నుంచి ఈ కొసకి మూడొందల మీటర్ల పైమాటే. కోడలు వెతికి చెప్పింది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చక్రాల కుర్చీ సాయం ముందే అడిగితే ఏ గదివాళ్లకైనా ఇస్తారు. లిఫ్టుకి దగ్గర గది ఎంచుకుంటే సగం నడక తగ్గుతుంది. దీనికోసం మూడు రెట్లు కట్టక్కర్లేదు.

చివరికి ఆయన ఓ మాట రాశాడు. "వాడని లాకరుకి అద్దె కట్టినట్టయింది."

అలాగని సూట్ దండగ అని ఆయన తేల్చలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లకి, గదిలోంచి ఎక్కువ కదలలేనివాళ్లకి, రద్దీ పడనివాళ్లకి అది మంచి బేరం కావచ్చు. కుటుంబమంతా కలిసే లోపల ఉంటే మరీను. హేవెన్‌లో కొన్ని నౌకల్లో రెండు పడకగదుల ఫ్యామిలీ విల్లా దొరుకుతుంది. గదిలో మూడో మనిషి నుంచి టికెట్టు సాధారణంగా తగ్గుతుంది కాబట్టి తలసరి భారం కాస్త దిగుతుంది. సగం మంది లోపల, సగం మంది బయట అయితేనే ఏ లెక్కా కుదరదు.

2025లో దంపతులు మళ్లీ అమెరికా వచ్చారు. "ఈసారి అందరం విల్లాలోనే నాన్నా. అలస్కా వెళ్దాం" అన్నాడు కొడుకు. ఆయన నోటుపుస్తకం తెచ్చాడు. సియాటిల్‌లో బయలుదేరే అలస్కా నౌకలు అమెరికా చట్టం ప్రకారం మధ్యలో ఓ విదేశీ రేవులో ఆగాలి. ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. గాల్వెస్టన్ నుంచి కోజుమెల్ అయితే ఆ బాధ లేదు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలి కాబట్టి ఆ వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి వీలున్నదై ఉండాలి, అంతే.

"మరి గది?"

"పోయినసారి మా సూట్‌కి మూడు గదుల డబ్బు, మీ గదికి ఒకటి. మొత్తం నాలుగు గదుల డబ్బు పెట్టావురా. ఈసారి మూడే తీసుకో. పక్కపక్కన, లిఫ్టు దగ్గర" అన్నాడాయన.

"మనకి రెండు చాలు కదా?"

"మూడోది వియ్యపురాలికీ వియ్యంకుడికీ. అమ్మాయి వాళ్లమ్మానాన్నా నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారుగా. వాళ్లనొదిలేసి మనం వెళతామా?"

కోడలు ఏమీ అనలేదు. లేచి వెళ్లి అందరికీ కాఫీ పెట్టింది. చక్కెర ఎక్కువైందని ఎవరూ అనలేదు.

బాల్కనీల మధ్య అడ్డు తెరవడానికి వీలున్న గదులు కావాలని ముందే అడిగి మరీ తీసుకున్నారు. అన్ని గదులకీ ఆ వీలుండదు, అన్ని కంపెనీలూ తెరవవు. నౌక కదిలాక గదులు సర్దే మనిషి వచ్చి తాళంతో రెండు అడ్డ తలుపులూ తీసి వెనక్కి మడిచేశాడు. మూడు బాల్కనీలూ కలిసి పల్లెటూరి ఇంటి వరండా అంత పొడుగైంది.

మర్నాడు పొద్దున్నే కొడుకు బఫే నుంచి ట్రేలో ఎనిమిది కప్పులు మోసుకొచ్చాడు. టీ కాస్త ఒలికింది. బట్లర్ తెచ్చినంత శుభ్రంగా లేదు. వియ్యపురాళ్లిద్దరూ ఒకే కారప్పొడి డబ్బాలో చెంచా పెట్టి, ఎవరి పొడి ఘాటో తేల్చుకుంటున్నారు. ఆవిడకి ఎందుకో ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడు గుర్తొచ్చాడు. "వాడి కూతురికి ఇప్పుడు ఆరేళ్లుంటాయి" అంది.

తొమ్మిదేళ్ల మనవడు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగులు తీస్తున్నాడు. తాతయ్య దగ్గర ఓ బిస్కెట్టు, అమ్మమ్మ దగ్గర ఓ ముద్ద. వాడి కార్డు గదిలో మంచం మీదే పడి ఉంది. పొద్దున్నుంచి వాడికి దానితో పనే పడలేదు.