బొమ్మ రైలు వెంట ఒక పల్లెటూరు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు సోదరీమణులకు మేము చెప్పబోవు సంగతి బొత్తిగా క్రొత్తది కాదు. ఆవాలు మొలిపించి పైరనియు, అద్దమును ఇసుకలో పరచి కోనేరనియు చెప్పి, దాని యొడ్డున మట్టి బాతును నిలుపుట మన యిండ్లలో ఆడపిల్లలందరు నెరిగిన పనియే. ఆ పనినే కొందరు జన్మమంతయు చేసిన చోటొకటి ఇంగ్లండు దేశమున కలదు. మా అమ్మాయి ఆక్స్‌ఫర్డులో కాపురముండుటచే దానిని చూచు భాగ్యము మాకు కలిగెను.

ఆక్స్‌ఫర్డునుండి రైలులో డిడ్‌కాట్ చేరి, అచ్చటినుండి కారులో లాంగ్ విట్టెన్‌హామ్ అను పల్లెకు పోయితిమి. పెండన్ మ్యూజియము ఆ పల్లెలోనే యున్నది. మా మనుమడు బొమ్మ రైళ్లను చూచుటకు వచ్చెను. మేము వానికి తోడుగా పోయితిమి, అంతే.

దీనిని నెలకొల్పిన రాయ్ ఇంగ్లండు ఆస్ట్రేలియావాడు. 1925లో ఈ దేశమునకు వచ్చి, వైట్ హార్స్ లోయలోని పల్లెలలో గడ్డికప్పుల యిండ్లను చూచి ముగ్ధుడయ్యెను. అవి యొక్కటొక్కటిగా రూపుమాయుచుండుట చూచి, వానిని ఆపుట తనవలన కాదు గనుక, ఉన్నవి ఉన్నట్లు చిన్నవిగా చేసి నిలుపవలెనని పూనుకొనెను. 1954లో మ్యూజియము వెలసెను. 1995లో ఆయన గతించెను. పని నేటికిని సాగుచునే యున్నది. చేయువారిలో పెక్కుమంది జీతము పుచ్చుకొననివారే.

ఇచ్చటి కొలత అడుగునకు 4 మిల్లీమీటర్లు, అనగా అసలులో 76వ వంతు. ఆరడుగుల తలుపు మన బొటనవ్రేలి కొనకణుపునకు మించదు. పెండన్ పార్వా అను ఈ ఊరు భూమిమీద నెక్కడను లేదు. కాని దానిలోని యిండ్లు ఆ లోయలో నిజముగా నున్నవే. ఒక్కొక్క యింటిని కొలిచి, ఛాయాచిత్రములు తీసి, అట్టతో గోడలు చేసి, నీటి రంగులతో ఇటుక ఇటుకకును వన్నె మార్చి వేసినారు. ఒక్క యింటికి వందల గంటలు పట్టునట. పెరళ్లలో కాయగూరల వరుసలు, పూలమొక్కలు, వంగిన కంచెలు కనబడినవి. మేము అద్దమునకు ముక్కు ఆనించి చూచుచుండగా రైలెప్పుడు వచ్చి పోయెనో ఎరుగము! మనుమడు మమ్ము చూచి నవ్వెను.

పక్క గదిలో డార్ట్‌మూర్ కొండలు, వానినడుమ పొడవైన కొయ్యవంతెన కలవు. జాన్ అహెర్న్ చేసిన మ్యాడర్ వ్యాలీ కూడ ఇచ్చటనే భద్రపరచబడియున్నది. బొమ్మ రైలనగా యంత్రమే ముఖ్యమని తక్కినవారు తలచుచుండిన 1930ల కాలమున, ఊరును, ఏరును, వీధిని ముందుంచినవాడాయన. మగవారి ఆటలోనికి ఇల్లు వచ్చినది అప్పుడే కాబోలునని మాకు తోచెను.

ఇంటికి వచ్చిన మొదలు మనుమడు మమ్ము విడువలేదు. మావారి పుట్టినయూరు భీమవరము నుండి నరసాపురము పోవు రైలుదారిలోనిది. ఆ చిన్న స్టేషనునే చేయుదమంటిమి. పాత కాగితములను నలిపి గట్టుగా పేర్చి, పైన జిగురులో తడిపిన కాగితములు అంటించితిమి. కొలువు నాటి అలవాటుకొలది రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి చల్లితిమి. ఆరిన పిమ్మట చూడగా గట్టంతయు చిలుకవలె నుండెను! నిజమైన నేల ఎన్నడును ఒకే పచ్చగా నుండదని అప్పుడు తెలిసినది. మరల గోధుమవన్నె, పసుపుపచ్చ, కొంచెము బూడిద కలిపి నాలుగు విధములైన పొట్టు చేసి, దారి అంచున ఎండినదానిని, కాలువ చెంత ముదురుదానిని చల్లితిమి. కాలువకు నీరు పోయలేదు. బురదరంగు పూసి, పైని వార్నీషు పలుచగా పలుమార్లు పట్టించితిమి. వేపచెట్టు మొదలు మెలివేసిన సన్నని యినుపతీగ. ఇదంతయు రెండు వారములలో కుదిరినది.

కుదరనిది స్టేషను భవనమే. అది పెంకుటి కప్పుదనియు, ముందు మెట్లుండెననియు మావారికి జ్ఞాపకము. పాతది పడగొట్టి చాల యేండ్లయినది. మెట్లు మూడని మావారు, నాలుగని వారి అక్కగారు. ఆ మెట్లమీద కూర్చుండియే తండ్రిగారి ఉత్తరములకై ఎదురుచూచితినని వదినగారు ఫోనులో చెప్పుచు కొంతసేపు మాటలాడకుండిరి. ఇంట వెదకినంతలో ఛాయాచిత్రమొక్కటియు దొరకలేదు. పెండ్లి ఫోటోలో సైతము వెనుక తెరయే కాని ఊరు లేదు.

ఊరిలో మిగిలిన పెద్దవారినడిగి చెప్పెదనని వదినగారనిరి. అంతదాక మెట్లుండవలసిన చోట అట్టను కోయక విడిచితిమి. మనుమడు మాత్రము దినమునకొకసారి వచ్చి, “అమ్మమ్మా, ఎన్నని చెప్పిరి?” అని యడిగి పోవుచున్నాడు.