స్టీలు గ్లాసులో ముచ్చట్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, ట్రంకు పెట్టె మోసుకుంటూ తిరుమలగిరి చౌరస్తాలో బస్సు దిగిన మొదటి రోజు గురించి రాద్దామనుకున్నాం. కానీ అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మా గదిలో రాత్రిపూట నడిచిన ఒక వ్యవహారం రాస్తున్నాం. వార్డెన్ గారు చదివినా ఫర్వాలేదు, పరీక్షలు అయిపోయాయి!

మా గదిలో నలుగురం. పది గంటలకు లైట్లు ఆర్పాక ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టేవాళ్ళం. అలా పెడితే శబ్దం పెద్దదవుతుందన్న విద్య సీనియర్ల నుంచి మాకు దక్కిన ఆస్తి. వినేవి సినిమా పాటలు కావు, వీడియో గేముల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే ఇంగ్లీషు పాడ్‌కాస్టులు.

"ఆడుకోను మిషనే లేదు, ఈ ముచ్చట్లు మీకెందుకురా?" అని పక్క గదివాళ్ళు నవ్వేవారు. నిజమే. మేం ఆడిందల్లా చిన్నప్పుడు అద్దెకిచ్చే దుకాణంలో మారియో, కాంట్రా. అసలు ఇది మొదలైంది ఇంగ్లీషు కోసం. మొదటి సెమిస్టరు సెమినారులో మా పెద్దపల్లి మిత్రుడు ఒక మాట తప్పు పలికితే తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడు అక్కడ నోరు విప్పలేదు. ఇంగ్లీషు వార్తలు పెడితే మాకు నిద్ర వచ్చేది. ఒక రాత్రి గ్లాసులోంచి 'కాంట్రా' అన్న మాట వినపడగానే వాడు లేచి కూర్చున్నాడు.

పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని మీటలు నొక్కితే ముప్పై ప్రాణాలు వచ్చేవి, గుర్తుందా? ఆ మంత్రం కజుహిసా హాషిమోటో అనే జపాను ఆయనది. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి మిషనుకు మార్చేటప్పుడు, దాన్ని ఆడి పరీక్షించడం తనకే కష్టమై పెట్టుకున్నాడట. ఆట బయటికొచ్చాక కూడా అది అందులోనే ఉండిపోయింది. ఆయన 2020లో కన్నుమూశారు. "చేసినాయనకే కష్టమైందంట, మనం ఓడిపోతే సిగ్గెందుకురా" అన్నాడు మా వాడు. ఆ రాత్రి రెండింటి దాకా మేలుకున్నాం.

ఇంకోసారి 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ సంగతి. శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. గీయాల్సిన బొమ్మలు తగ్గి యంత్రానికి బరువు తగ్గడమే కారణం. తయారుచేసిన తొమోహిరో నిషికాడో ఇదేదో బాగుందని దాన్ని అలాగే ఉంచేశాడు. ప్రాసెసర్ గురించి మాకు ఏ పాఠంలోనూ ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

మాకు బాగా నచ్చింది సైమన్ పార్కిన్ నడిపే 'మై పర్ఫెక్ట్ కన్సోల్'. వచ్చిన అతిథి తనకిష్టమైన ఐదు ఆటలు చెప్పాలి. చెబుతూ చెబుతూ అమ్మ, అన్నదమ్ములు, వదిలొచ్చిన ఊరు అన్నీ వచ్చేస్తాయి. అడిగేవాడు తొందరపెట్టడు. తెలియనిది తెలియదని అతిథి హాయిగా ఒప్పుకుంటాడు. ఇది మాకు వింతగా ఉండేది. అన్ని పాడ్‌కాస్టులూ ఇలాగే ఉంటాయని కాదు. కొందరు గంటసేపు సొంత కంపెనీ గొప్పలే చెబుతారు, అప్పుడు మేం గుర్రుపెట్టేవాళ్ళం. స్టార్‌డ్యూ వ్యాలీ ఆటను ఎరిక్ బరోన్ ఒక్కడే, థియేటరులో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, నాలుగేళ్ళకు పైగా కూర్చుని తయారుచేశాడని విన్నప్పుడు మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు. 2016లో వచ్చింది, కోట్ల కాపీలు అమ్ముడైంది. అది వ్యవసాయం చేసే ఆట! మా నాన్నలు రోజూ ఆడేదే, డబ్బులే రావు.

2024 నవంబరులో ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ మన హైదరాబాదులోనే, హెచ్ఐసిసిలో జరిగింది. పాసు ధరను మెస్ ఛార్జీలతో పోల్చుకుని ఫోను పక్కన పెట్టేశాం.

పోనీ మనమే ఒకటి చేద్దామని, దసరా సెలవుల ముందు రాత్రి పెద్దపల్లి మిత్రుణ్ణి అతిథిగా కూర్చోబెట్టాం. ఐదు ఆటలు ఇంగ్లీషులో చెప్పాలని షరతు. గోలీలు, చిర్రగోనె, కోతికొమ్మచ్చి, కాంట్రా. ఐదోది, పెళ్ళయి వెళ్ళిపోయిన అక్కతో అరుగు మీద చింతగింజలతో ఆడిన అష్టాచెమ్మా. చిర్రగోనెకు ఇంగ్లీషు దొరక్క చేతులతో చూపించాడు, రికార్డులో అది కనపడదు కదా! పంతొమ్మిది నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. తప్పులున్నాయి. ఎవరూ నవ్వలేదు. కాదు, నవ్వాం, వాడితో కలిసి.

రెండో ఏడు వాళ్ళ నాన్నకు జబ్బు చేసి ఇంటికి పోయాడు. పరీక్షలకు రాలేదు. ఇప్పుడు అక్కడే ఒక దుకాణంలో పని చేస్తున్నాడు. మంచం ఖాళీగా ఉంది, పంతొమ్మిది నిమిషాలు మా ఫోనులో ఉన్నాయి. కొత్తగా చేరిన తమ్ముళ్ళకు మొదటి సెమినారు ముందు రాత్రి అదే వినిపిస్తున్నాం.

ఇది రాసే ముందు వాడికి ఫోను చేసి అడిగాం. "రాయుండ్రి. గానీ ఐదో ఆట మారుస్త. వచ్చినంక చెప్త" అన్నాడు.