పెదవేగి నుంచి కాగితం తామర

ఏలూరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది మా పెదవేగి. శాలంకాయనులు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి ఇదే. ఇప్పుడు కోటల్లేవు. మట్టిదిబ్బలు, పాత శిల్పాలు, చుట్టూ పామాయిల్ తోటలు. ఏలూరు దాటి కిందికెళ్తే కొల్లేరు.

దూరాన కాపురముంటున్న మా అమ్మాయికి సంక్రాంతికి ఊరి గుర్తుగా ఏదైనా పంపాలనిపించింది. కొల్లేటి తామర పంపుదామంటే దారిలోనే వాడిపోతుంది. ఫోనులో పంపే శుభాకాంక్షలు దాచుకునేవి కావు. అందుకే కాగితం తామర చేసి కార్డు మీద అంటించాను. మీరూ చేసి చూడండి.

5 సెంటీమీటర్ల చదరపు గులాబీరంగు కాగితాలు 3 తీసుకోండి. ఒక్కోదాన్నీ మూల నుంచి మూలకి త్రికోణంగా మడవండి. కొన పైకి ఉంచి, కింది రెండు మూలల్నీ ఏటవాలుగా పైకి మడవండి. మధ్య కొన కనబడుతుండాలి. అదే మొగ్గ. రెండు మొగ్గల్ని చెరోవైపు వాల్చి అంటించి, మూడోది వాటి మీద మధ్యలో పెట్టండి. అడుగున గుండ్రటి ఆకుపచ్చ కాగితం ఆకవుతుంది. పల్చని కాగితమైతే కవర్లో ఉబ్బెత్తుగా ఉండదు, పువ్వు నలగదు.

కార్డు వెనక ఊరి పేరు మీ చేత్తోనే రాయండి. అమ్మ చేతిరాతలో ఊరి పేరు చూసుకుంటే, ఎంత దూరానున్న ఆడపిల్లకైనా పుట్టిల్లుందన్న ధైర్యం.