చిక్కిపోయావేంటి?

రండి, కూర్చోండి. కాఫీలో పంచదార వెయ్యాలో వద్దో ముందే చెప్పెయ్యండి. నలభై అయిదు దాటినవాళ్లు ఇంటికొస్తే కుశల ప్రశ్నలకంటే ముందు ఈ ప్రశ్న అడగాల్సిన కాలం వచ్చింది.

మన వైపు నడివయసులో సన్నగా ఉండటానికి అసలు అడ్డం తిండి కాదండీ, చుట్టాలు. ఒళ్లు చేసినప్పుడు ఎవరూ ఏమీ అనరు. పైగా "ఇప్పుడు కాస్త నిండుగా ఉన్నావురా" అని మురిసిపోతారు. అదే మనిషి నానా తంటాలూ పడి నాలుగు కేజీలు తగ్గి ఏ పెళ్లికో వెళ్తే చూడాలి. గుమ్మంలోనే పెద్దత్త పట్టేసుకుంటుంది: "అదేంట్రా, ఇలా చిక్కిపోయావు? షుగరా?" వెనకాలే బాబాయి గొంతు తగ్గించి, "ఉద్యోగంలో ఏమన్నా ఇబ్బందా?" అంటాడు. ఇంకొకావిడ భార్య వైపు తిరిగి, "ఏమే, వాడికి సరిగ్గా పెడుతున్నావా?" ఇక బంతిలో కూర్చున్నాక ఆ జాలంతా బూరెల రూపంలో విస్తట్లో పడుతుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే, చేతి పక్కనుంచి వేస్తారు.

ఆ "షుగరా?" అన్న ప్రశ్నని మరీ కొట్టిపారెయ్యకూడదు లెండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతూ, దాహం ఎక్కువై, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాల్సిందే. క్షయకి మందు లేని రోజుల్లో మనిషి చిక్కాడంటే ఇంటిల్లిపాదికీ గుండెలు జారేవి. ఆ భయం మన నోట్లో ఇంకా మిగిలే ఉంది. నా ఫిర్యాదల్లా ఒక్కటే. లావెక్కినవాణ్ని కూడా అంతే కంగారుగా "ఏంట్రా, షుగరా?" అని అడగరేం? అడగాల్సింది నిజానికి వాణ్నే.

మీరు లావుగా లేరంటారా? ఉండకపోవచ్చు. మన వాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్లే ఎక్కువ. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యూడ్‌కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తూ బరువూ కలిపి వేసే బీఎంఐ లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. అయితే ఒంట్లో కొవ్వు యూడ్‌కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! ఫొటోలో చూస్తే ఇద్దరూ బక్కపలచని మనుషులే. అందుకే బీఎంఐ పాశ్చాత్యులకి 25 దాటితే అధిక బరువు అంటే, మనకి 23 దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. బరువు తూచే మిషన్ని నమ్ముకున్నవాణ్ని అది ఊరికే బుజ్జగిస్తుంది. టేపు అలా కాదు. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదన్నది మన జాతికి పెట్టిన హద్దు. అంగుళాల్లో ముప్ఫై అయిదున్నర, ముప్ఫై ఒకటిన్నర.

"నా ప్యాంటు సైజు పదేళ్లుగా ముప్ఫై నాలుగే" అంటారు కొందరు మగమహారాజులు. ఆ బెల్టు ఎక్కడుందో ఒకసారి చూడండి. పెళ్లినాటికి బొడ్డు దగ్గరుండేది, ఇప్పుడు పొట్ట కిందికి జారి తుంటి ఎముకల్ని పట్టుకుని వేలాడుతోంది. సైజు మారలేదు గానీ ప్యాంటు చిరునామా మారింది. కొలిచేది అక్కడ కాదు. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. పొట్ట లోపలికి లాక్కోకూడదు. చూసేవాళ్లెవరూ లేకపోయినా లాక్కుంటాం, అదేం చిత్రమో! మొలతాడు కట్టుకునే అలవాటున్న ఇళ్లలో టేపు కూడా అక్కర్లేదు. తాడు బిగిసి చర్మం మీద గీత పడుతోందంటే కబురు అందినట్టే.

ప్యాంట్ల మాటొచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో అప్పట్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు, కండక్టరు మెట్లెక్కుతూ దిగుతూ ఉండేవాడు. గుండె జబ్బు డ్రైవర్లలోనే ఎక్కువని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో లెక్క తేల్చాడు. అక్కడితో ఆగకుండా 1956లో బస్సు కంపెనీ కుట్టించిన యూనిఫారం కొలతలు తెప్పించి చూశాడు. ఏ వయసులో చూసినా డ్రైవర్ల ప్యాంటు నడుమే పెద్దది. డ్రైవర్లుగా చేరేవాళ్లు చేరేనాటికే కాస్త లావని తరవాతి పరిశీలనల్లో బయటపడింది, కాబట్టి నేరమంతా సీటు మీదకి తోసెయ్యలేం. అయినా దర్జీ పుస్తకంలోంచి వైద్యశాస్త్రం లాగిన ఆ బుర్రకి దండం పెట్టాలి.

"వయసొచ్చిందండీ, ఒంట్లో అరుగుదల తగ్గింది, గాలి పీల్చినా లావైపోతున్నా." ఇది మనందరి ఊతపదం. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ ఊతకర్రని లాగేసింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల ఒంటి ఖర్చు కొలిచి చూస్తే, ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా అది దాదాపు నిలకడగానే ఉంది. తగ్గడం మొదలయ్యేది అరవై తరవాత. మరి నలభై అయిదులో ఏం జరిగినట్టు? స్కూటరు పోయి కారొచ్చింది, మెట్లు పోయి లిఫ్టొచ్చింది, పనిమనిషి వచ్చింది, జీతం పెరిగి వారంలో రెండుసార్లు బిర్యానీ వచ్చింది. కండ మాత్రం ముప్ఫై దాటిననాటి నుంచీ చెప్పాపెట్టకుండా కరుగుతోంది. ఆడవాళ్లకి నెలసరి ఆగే వయసులో కొవ్వు చోటు మార్చుకుని నడుం చుట్టూ చేరుతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు.

తిండి సంగతికొద్దాం. మన భోజనం కట్టుబాటే కొంచెం మాయది. పప్పులోకి కొంత అన్నం, కూరలోకి కొంత, పులుసులోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి "ఒక్క పిడికెడు". నడుమ కొత్తావకాయ కనిపిస్తే దానికో నాలుగు ముద్దలు. ప్రతిసారీ కొంచెమే పెట్టుకున్నాం కాబట్టి ఎక్కువ తిన్నామని మనసుకి అనిపించదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీలు తినే మనిషికి రోజు మొత్తం మీద ధాన్యం 250 గ్రాములన్నారు. బియ్యం, గోధుమలు, ఉప్మా రవ్వ, ఇడ్లీలో పడ్డది అన్నీ కలిపి, వండకముందు తూకం. రైస్ కుక్కరుతో వచ్చే కప్పుకి దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, కాబట్టి లెక్క మీరే వేసుకోండి. పప్పు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు! మనింట్లో నలుగురికి అరకేజీ దొండకాయలు తరిగి, అవి నూనెలో వేగి గుప్పెడయ్యాక తలా గరిటెడు వడ్డిస్తాం కదూ. అన్నానికి కూర నంజుకునేదైపోయింది.

సాంబ మసూరి అన్నం మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. అన్నం పప్పుకీ కూరకీ పెట్టుకుని అక్కడితో గిన్నె మూత పెట్టెయ్యండి. చారు గ్లాసులో పోసుకుని తాగితే మిరియం ఘాటు ఇంకా బాగా తెలుస్తుంది. పెరుగు చిన్న గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. మొదటి వారం భోజనం పూర్తికానట్టే ఉంటుంది, తరవాత అలవాటైపోతుంది. తెలంగాణ సోనా బియ్యం రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతాయని పేరు. ఆ ధీమాతో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకునేవాళ్లని చూస్తే బియ్యం మీదే జాలేస్తుంది.

ఇక ఇంటావిడ సంగతి. అందరూ లేచాక గిన్నె అడుగున ఇంత అన్నం, ఇంత పప్పు మిగులుతాయి. పారెయ్యడానికి చెయ్యి రాదు, ఫ్రిజ్‌లో పెడితే రేపు ఎవరూ ముట్టరు. ఆ "ఇంత" రోజూ ఆవిడ పళ్లెంలోకే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్ని విశ్లేషిస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 40 మందికి నడుం చుట్టూ కొవ్వు పేరుకుంది, మగవాళ్లలో 12 మందికి. కారణాలు చాలా ఉంటాయి, కొలిచిన హద్దులు కూడా ఇద్దరికీ వేరు. అయినా నాకు మాత్రం ఆ గిన్నె అడుగే కనిపిస్తుంది. అరగ్లాసు బియ్యం తక్కువ పొయ్యడానికి "చాలకపోతే ఎలా?" అన్న భయం అడ్డం. చాలకపోతే అరటిపండుంది, అటుకులున్నాయి. ఇది ఆవిడకి కాదు, ఇంట్లో మిగతావాళ్లకి చెప్పాల్సిన మాట.

మన తెలుగువాళ్లకి పథ్యాలంటే సినిమాలంత సరదా. మంతెన సత్యనారాయణ రాజు గారు చెప్పారని ఉప్పూ నూనే మానేశాం, వీరమాచనేని గారి మాట విని కొబ్బరి నూనె తాగాం, ఖాదర్ వలీ గారి తరవాత కొర్రలు, అండుకొర్రలు వెతుక్కుంటూ తిరిగాం. 2025లో బరువు తగ్గించే వారపు ఇంజక్షన్లూ మన దేశంలోకొచ్చాయి. వాటి సంగతి మీరూ మీ డాక్టరూ మాట్లాడుకోండి. నేను గమనించింది ఏమిటంటే, మొదటి మూడు నెలలు ఏ పద్ధతైనా పనిచేస్తుంది. పథ్యంలో ఉన్నవాడు ఏం తిన్నా ఆలోచించి తింటాడు కాబట్టి. ఏడాది తరవాత కూడా దాంతో కాపురం చెయ్యగలమా అన్నదే తేలాల్సింది.

పొద్దున నడకకి వెళ్లేవాళ్లు పార్కు గేటు బయట బండి దగ్గర ఆగకపోతే అదే పదివేలు. అయిదు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది మూడొందల కేలరీలలోపే, నెయ్యి కారం దోసె ఒక్కటి దాన్ని మింగేస్తుంది. అన్నట్టు, రోజుకి పదివేల అడుగులన్న లెక్క ఏ వైద్యుడూ పెట్టింది కాదు. 1965లో జపాన్లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన అమ్మకపు పేరు అది. వయసు మళ్లిన ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన పరిశోధనలో ఏడున్నర వేల దగ్గరే లాభం నిలిచిపోయింది. రాత్రి భోజనం కాగానే టీవీ ముందు కూలబడకుండా ఓ పావుగంట వీధిలో తిరిగితే తిన్నది రక్తంలో ఒక్కసారిగా పొంగదు.

కండకి నడక ఒక్కటే చాలదు. ఒకసారి ఇలా నేల మీద కూర్చుని, చెయ్యి ఆన్చకుండా లేచి చూపించండి. నవ్వకండి! పీట మీద భోజనం పోయింది, చాప పోయింది, పెరటి దొడ్డి పోయింది. సత్యనారాయణ వ్రతంలో దంపతులు పీటల మీద కూర్చోవడానికే ఇద్దరు సాయం పట్టాలి. లేవలేకపోతే వంటింట్లోనే మొదలుపెట్టండి. పప్పు కుక్కర్లో పెట్టి, గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి, మూడో కూత వచ్చేదాకా చేతులు ఆన్చకుండా కూర్చుని లేస్తూ ఉండండి. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే. మొదటిరోజు రెండో కూతకే తొడలు వణుకుతాయి, స్టవ్ కట్టెయ్యకుండా మిమ్మల్ని మీరు ఆపుకోండి. పప్పు ఉడకాలి కదా.